ఎర్తుకు నీళ్లు

బిందె వంచి పోస్తుంటే ఎర్తు గుంత గుటగుటా తాగేసింది. ఈ ఎండలకు దానికి దాహం తీరడమే లేదు. థామస్ కాస్త ఆగి, గుంత నడుమ పొడుచుకొచ్చిన ఇనుప పైపు చుట్టూ పిడికెడు దొడ్డుప్పు చల్లి, బిందెలో మిగిలిన నీళ్లు కూడా వంచేశాడు. వెనక తలుపు దగ్గర పేము కుర్చీలో కూర్చున్న సాలమ్మ అదంతా చూస్తూ ఉంది. పొద్దున్నే ఒకరు చెట్టుకు పోస్తారు, ఒకరు బర్రెకు పెడతారు, మా ఇంటాయన మాత్రం ఎర్తుకు పోస్తాడని పక్క హోటల్ ఇంద్రమ్మతో ఆమె అనని రోజు లేదు.

పోయిన వారం గాలిదుమారానికి స్తంభం నుంచి వాళ్ల దుకాణం మడిగెకు వచ్చే రెండు తీగల్లో ఒకటి తెగింది. కరెంటు వచ్చే తీగ బాగానే ఉంది, తిరిగిపోయే తీగ పోయింది. లైన్‌మన్ సోమవారం వచ్చి కడతానన్నాడు. అందాకా షటరు దించుకుని కూర్చునే రకం కాదు థామస్. లోపలి తీగ కొసను లాక్కొచ్చి ఎర్తు పైపుకు చుట్టాడు. భూమిలోకే పోనీ అన్నాడు. భూమి తడిగా ఉంటే ఫ్యాను తిరుగుతుంది, ఆరిపోతే కాళ్లీడుస్తుంది. అందుకే ఈ నీళ్లు, ఈ ఉప్పు. బోరు మోటార్ల కాడ ఎందరో చేసే పనే, ఆయన కనిపెట్టిన విద్యేమీ కాదు.

"ముందుగాల మెయిన్ బంద్. కాళ్లకు చెప్పులు. గప్పుడు నీళ్లు," అని సాలమ్మ ప్రార్థన చదివినట్టు చదివింది.

"ఆమెన్," అన్నాడు థామస్, లోపలికొచ్చి మెయిన్ పైకెత్తుతూ.

రోజూ ఇదే మాట, ఇదే జవాబు. ఆ శనివారం పొద్దుటిని ఆ తర్వాత సాలమ్మ ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకుందో. ఎక్కడా తేడా కనపడదు. బిందె అదే, మాట అదే, ఎండ అదే. అట్లాంటి పొద్దుటికి అట్లాంటి సాయంత్రం ఎట్లా పుట్టిందో ఆమెకు ఇప్పటికీ అంతుబట్టదు.

నారాయణఖేడ్ బస్సు డిపోకు పోయే దారిలో ఆ మడిగెకు ఇప్పుడు బోర్డు కూడా లేదు. అందరూ థామస్ దుకాణం అంటారు. లోపల మూడు వైపులా చెక్క అరలు, వాటి నిండా చార్జర్లు, మిక్సీ గిన్నెలు, కూలర్ మోటార్లు, ఆటోవాళ్లు పడేసి మళ్లీ రాని టేప్ రికార్డర్లు. మధ్యలో ఒక బల్ల. ఆ బల్ల వెనక పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకు వంగి థామస్. ముప్పై ఏళ్లు వంగి పనిచేస్తే ఎవరి నడుమైనా అంతే. ఎడమ చేతి వేళ్ల కొసల మీద టంకం కాల్చిన మచ్చలు. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే రాగి తీగ చుట్టుకున్నాడు. రబ్బరు చెప్పు పట్టీ తెగితే దానికీ రాగి తీగే చుట్టాడు. ఆయన చేతికి రాగి తీగ దొరికితే లోకంలో పారేయదగ్గ వస్తువంటూ ఉండదు. చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉంటే ఆయనకు టెస్టర్ ఉంటుంది.

నాగల్‌గిద్ద వైపు కూలి చేసుకునే ఇంట్లో పుట్టాడు. మిషన్ హాస్టల్లో చదివి పదో తరగతి తప్పాడు. బీదర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర రేడియోలు విప్పడం నేర్చుకుని ఖేడ్‌కు వచ్చి ఈ మడిగె పట్టాడు. సాలమ్మను కల్హేర్ నుంచి చేసుకున్నాడు. కూతురు కృప పుట్టిన ఏడాది బల్ల తీసేసి నాలుగు టీవీలు, నాలుగు ఆట డబ్బాలు పెట్టి 'కృప వీడియో గేమ్స్' అని ఎర్ర అక్షరాలతో బోర్డు రాయించాడు. అప్పుడు చూడాలి ఆ దుకాణం. బడి వదిలితే చాలు, పిల్లలు ఈగల్లా ముసిరేవాళ్లు. సంచులు పెట్టడానికి చోటుండేది కాదు. తల్లులు వచ్చి సాలమ్మనే తిట్టిపోసేవాళ్లు. తర్వాత అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. పిల్లలు రావడం మానేశారు. బోర్డు మీది ఎర్ర అక్షరాలు వానకు వెలిసిపోయాయి. మూడు టీవీలు అమ్ముడుపోయాయి, నాలుగోదాన్ని అడిగినవాడు లేడు. కృప నర్సు చదివి బీదర్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. అంతే, ఆయన గురించి చెప్పుకోదగ్గది ఇంకేమీ లేదు. ఖేడ్‌లో ఆయన పేరు తెలిసినవాళ్లందరికీ ఆయన పేరు తప్ప మరోటి తెలియదు.

ఆ నాలుగో టీవీ ఇవాళ బల్ల పక్కన ఇనుప స్టాండు మీద ఉంది. దాని నెత్తిన పేకముక్కంత ఆకుపచ్చ బోర్డు ఒకటి. థామస్ అక్క కొడుకు స్టాన్లీ పటాన్‌చెరులో కంపెనీలో చేస్తాడు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు తెచ్చి మామ చేతిలో పెట్టాడు. వేలెడంత కూడా లేని కంప్యూటరు అది. దాని గోరంత కార్డులో పాత వీడియో గేములన్నీ ఉన్నాయట. క్యాసెట్లు అక్కర్లేదట. థామస్ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకప్పుడు నాలుగు టీవీలు పట్టిన దుకాణం మొత్తం అందులో ఉందంటే నమ్మడమెట్లా?

కానీ ఆయనకు అది ఆట కోసం కాదు. సాలమ్మ ఎడమ చేతి బొటనవేలి కోసం.

పోయిన వానాకాలంలో ఆమె పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. నోరు రెండు నెలలకు తిరిగొచ్చింది. నోటికి ఏం లోటు లేదు, మునుపటి కంటే పదును పెరిగిందని థామస్ అంటాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాత్రం రానన్నాయి. వేళ్లు ఆడించాలి, ఆడించకపోతే బిగుసుకుపోతాయని దవాఖానలో చెప్పి ఒక రబ్బరు బంతి ఇచ్చారు. ఆమె దాన్ని రెండు రోజులు పిసికి మూడో రోజు మోరీలోకి విసిరింది. అప్పుడే థామస్‌కు ఆ పాత సంగతి గుర్తొచ్చింది. ట్యాంకుల ఆటలో సాలమ్మను కొట్టినవాడు ఖేడ్‌లో లేడు.

నిజమే. ఆయన రిపేర్లకు పోతే దుకాణంలో కూర్చునేది ఆమే. కూర్చుని కూర్చుని, పిల్లలను చూసి చూసి, ఒకరోజు కొంగు బొడ్లో దోపి తనూ జాయ్‌స్టిక్ పట్టింది. ఇటుక గోడల నడుమ చిన్న చిన్న ట్యాంకులు, వాటి నుంచి మన కోటను కాపాడుకోవాలి, అంతే ఆట. ఒక్కొక్కరికి మూడు చాన్సులు. పిల్లలు వాటిని పానాలు అనేవాళ్లు. నీకెన్ని పానాలున్నయిరా అంటే నాకు రెండు, నీకు అని. ఆటలు పెట్టిన కొత్తలో మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు షటరు సగం దించి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆడేవాళ్లు. ఆమెది పసుపు ట్యాంకు, ఆయనది ఆకుపచ్చది. ఆయన ఎప్పుడూ కోట వదిలి ముందుకు ఉరికి చచ్చేవాడు. ఆమె వెనకుండి కాపాడేది.

ఆ ఆట నడిపితే బొటనవేలు దానంతటదే కదులుతుందని థామస్ నమ్మకం. కానీ యంత్రం నడిస్తే కదా.

మొదట తెర మీద ఏమీ రాలేదు. పసుపు పిన్ను పసుపు రంధ్రంలో, ఎర్ర పిన్ను ఎర్ర రంధ్రంలో సరిగ్గా పెట్టినా నల్లగానే ఉంది. మూడు రోజులు తల గోక్కున్నాక, ఇంకేం చేయాలో తోచక ఎర్ర పిన్ను తీసి పసుపు దాంట్లో కొట్టాడు. బొమ్మ ఠక్కున వచ్చి నిలబడింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. తర్వాత జాయ్‌స్టిక్కు బొత్తాలు తలకిందులయ్యాయి, పైకంటే కిందికి పోయేది. అదీ సరిచేశాడు. ఇల్లలకగానే పండుగ కాదన్నట్టు, ఆ తర్వాత మొదలైంది అసలు తలనొప్పి. ఆట సగంలో ఉండగా తెర కుడి మూలన పైన పసుపు రంగు మెరుపు గుర్తు ఒకటి వస్తుంది. రెండు మూడుసార్లు మిణుకుమంటుంది. అంతే, ట్యాంకులు ఎక్కడివక్కడ రాయి అయిపోతాయి.

ఆ మెరుపు ఆటలో భాగమే అనుకున్నాడు థామస్. తాకితే బలం వస్తుందేమోనని ఒక రోజంతా ట్యాంకును దాని దగ్గరికి తోలడానికి చూశాడు. మూలకు పోవడం, గుద్దుకోవడం. సాలమ్మ నవ్వలేక కడుపు పట్టుకుంది. చివరికి స్టాన్లీకి ఫోను చేస్తే వాడు చెప్పాడు, అది ఆట గుర్తు కాదు మామా, కరెంటు సాలక బోర్డు మొత్తుకుంటుంది అని.

ఆమెకు నవ్వు పోయింది మాత్రం మొన్న గురువారం. ఆ రోజు ఆడుతూ ఆడుతూ ఉండగా ఆమె ఎడమ బొటనవేలు లేచింది. ఎవరూ పట్టుకుని లేపలేదు. దానంతటదే లేచి, బొత్తాం మీద పడింది. పసుపు ట్యాంకు పైకి ఒక అడుగు కదిలింది. కదిలిందో లేదో మూలన మెరుపు మిణుకుమని తెర మొత్తం బిగుసుకుపోయింది. వేలూ అలాగే బిగుసుకుపోయింది. సాలమ్మ జాయ్‌స్టిక్కు ఒళ్లో పడేసి, పక్షవాతం వచ్చిననాడు కూడా ఏడవనంత ఏడ్చింది.

"నా ఏలు గిప్పుడే లేసింది, గంతల్నే సచ్చింది గది. మధ్యల ఆగిపోయే ఆటకు నన్ను కూసోవెట్టకు," అంది. ఆ మెరుపు పోతేనే ఆడతానంది, లేకపోతే వేళ్ల ముచ్చట మళ్లీ ఎత్తొద్దంది. అన్నదంటే అన్నదే, సాలమ్మ మాట ఇవాళ పుట్టింది కాదు.

అందుకే ఈ శనివారం థామస్ గిరాకీని కూడా పెద్దగా పట్టించుకోలేదు. మిక్సీ కోసం వచ్చినామెను సోమవారం రమ్మన్నాడు. నాగల్‌గిద్ద నుంచి వచ్చిన ఒక రైతు కన్నడంలో ఏదో అడిగితే కన్నడంలోనే నాళె బా, రేపు రమ్మని పంపేశాడు. ముందు చార్జర్ల డబ్బా బల్ల మీద బోర్లించాడు. ఒక్కొక్కటీ పెట్టి చూశాడు. ఒకదానికి మెరుపు ఆగకుండా వస్తుంది, ఒకదానికి బోర్డు లేవనే లేవదు. తీగ సన్నగా పొడుగ్గా ఉంటే కరెంటు దారిలోనే అయిపోతుందని దాన్ని కత్తిరించి జానెడు చేసి, లావు తీగతో టంకం పెట్టాడు. మెరుపు రావడం తగ్గింది, పోలేదు. స్టాన్లీకి మళ్లీ ఫోను. ఈసారి వాడు కోప్పడ్డాడు.

"మామా, గది టీవీ లెక్క గోడకు బంద్ చేసేది కాదు. డైరెక్టుగా కరెంటు తీస్తే కార్డు ఖరాబైతది. ఇప్పటికే రెండు కార్డులు పోయినయి. ఇదొక్కటే ఉన్నది నీ దగ్గర, ఇది పోతే ఆటే లేదు. ముందుగాల దాంట్ల బంద్ అని కొట్టు, అది పండుకున్నంక తియ్యి."

థామస్ చిన్న పిల్లాడిలా సరే, సరే అని తలూపాడు. ఇన్నేళ్లూ ఏ వస్తువైనా బాగుచేసే ముందు చేసే మొదటి పని కరెంటు తీసేయడమే. ఉస్తాద్ చెంప మీద కొట్టి నేర్పిన పాఠం అది. కరెంటు తీస్తే చచ్చే వస్తువు ఒకటుందని ఆయనకు ఇవాళే తెలిసింది.

మధ్యాహ్నం ఎండకు దారి మీద కుక్క కూడా లేదు. షటరు సగం దించి థామస్ టిఫిన్ విప్పాడు. జొన్న రొట్టె తుంచి పప్పులో నానబెట్టి సాలమ్మ కుడి చేతికి అందేలా పెట్టాడు. ఆమె తింటూ తింటూ చటుక్కున ఆగిపోయింది. ముద్ద నోట్లోనే ఉంది. కళ్లు పెద్దవయ్యాయి.

"ఏందే, గొంతుల పడ్డదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. మెల్లగా ముద్ద మింగి, ఎవరైనా వింటే పోతుందేమో అన్నంత చిన్నగా అంది, "కాలు. ఎడమ కాలు. జివ్వుమంటుందయ్యా. పానం వస్తుంది."

థామస్ చేతిలో రొట్టె ముక్క జారింది. ఆయన నేల మీద కూలబడి ఆమె పాదం వైపు చూశాడు. నెలల తరబడి గిల్లినా తెలియని పాదం. దాని బొటనవేలు టీవీ పెట్టిన ఇనుప స్టాండు కాలికి ఆని ఉంది. ఆయన ముఖంలో వెలుగు ఒక్క క్షణం ఉండి, తగ్గింది. జేబులో నుంచి టెస్టర్ తీసి స్టాండుకు ఆనించాడు. లోపలి చిన్న బుడ్డి ఎర్రగా వెలిగింది.

"పానం కాదే పిచ్చిదానా," అన్నాడు. "కరెంటు."

ఆమెకు ముందు సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది, ఆ తర్వాత ఆయన ముఖం చూసేసరికి నవ్వాగలేదు. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆయన, కరెంటైతేంది, నీకు తెలిసింది గద, అన్నాడు. అప్పుడు గాని ఆమెకు తట్టలేదు. జివ్వుమన్నది తనకు తెలిసింది. చచ్చిన కాలికి తెలియదు కదా. ఆమె నవ్వు ఆపి మళ్లీ కాలు చాపబోయింది, ఇంకొక్కసారి చూసుకుందామని. థామస్ గబుక్కున పట్టుకున్నాడు. భూమి ఆరిపోతున్నకొద్దీ పైపులోకి పోవలసిన కరెంటు ఇట్లా ఇనుముకు ఎక్కుతుందని, ముట్టొద్దని చెప్పాడు. చెప్పి, తన కాళ్ల రబ్బరు చెప్పులు విడిచి, ఆమె రెండు పాదాలూ ఎత్తి వాటి మీద పెట్టాడు. రబ్బరు మీద ఉంటే ఏమీ కాదన్నాడు. ఎడమ చెప్పు పట్టీకి చుట్టిన రాగి తీగ గుచ్చుకుంటుందని సాలమ్మ సణిగింది. ఆయన దాన్ని పళ్లతో కొరికి లోపలికి మడిచాడు.

ఎండ వాలాక ఆట పెట్టాడు. ఆమెకొక జాయ్‌స్టిక్కు, తనకొకటి. ఆయన స్టూలు లాక్కుని ఆమె ఎడమ పక్కన కూర్చున్నాడు. అది ఆయన పాత చోటే. చార్జరు మార్చినందుకో, తీగ తగ్గించినందుకో, మెరుపు రాలేదు. మొదటి ఆట గెలిచారు. రెండోదీ గెలిచారు. ఆకుపచ్చ ట్యాంకు ఎప్పటిలా కోట వదిలి ఉరికింది, ఎప్పటిలా పేలింది.

"ముప్పై ఏండ్ల సంది గిదే తెలివి," అంది సాలమ్మ.

మూడోదాంట్లో ఆమె బొటనవేలు లేచింది.

థామస్ ఆడటం ఆపేశాడు. వేలు వణుకుతూ పైకి లేచి, బొత్తాం మీద కూర్చుని, నొక్కింది. పసుపు ట్యాంకు పక్కకు జరిగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ జరిగింది. ఆమె తన వేలును చూడటం లేదు, తెరనే చూస్తోంది. ఆయన మాత్రం తెర వైపే చూడలేదు. ఆ వేలునే, పిల్ల మొదటి అడుగు వేస్తుంటే చూసినట్టు చూస్తున్నాడు.

అప్పుడు తెర మీద బొమ్మ రెండు పక్కల నుంచి కొంచెం ముడుచుకుంది. ఫ్యాను ఈడ్చడం మొదలుపెట్టింది. కుడి మూలన పసుపు మెరుపు ఒకసారి మిణుకుమంది.

"వచ్చింది," అంది సాలమ్మ. ఆ ఒక్క మాటలో గురువారం నాటి ఏడుపంతా ఉంది.

థామస్ తెరను చూశాడు, ఫ్యానును చూశాడు. చార్జరు కాదు, తీగ కాదు. ఎర్తు ఆరిపోయింది. అంత చిన్న సంగతి పొద్దుటి నుంచి తట్టనందుకు ఆయన తన నెత్తి మీద తనే కొట్టుకున్నాడు. జాయ్‌స్టిక్కు స్టూలు మీద పెట్టి లేచి, డ్రమ్ములో బిందె ముంచాడు. మెయిన్ ఆయన భుజం పక్కనే ఉంది. చెయ్యి అలవాటుగా దాని మీదికి పోయింది.

"బంద్ చేయకు," అంది సాలమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండానే. "కార్డు పోతది. ఏలు లేస్తుంది గిప్పుడే."

ఆ చెయ్యి అక్కడే ఒక్క క్షణం ఆగింది. తర్వాత దిగింది.

"చేయ," అన్నాడు థామస్. "నువ్వు ఏలు ఆపకే." బిందె ఎత్తుకుని వెనక తలుపు దాటాడు.

నీళ్ల చప్పుడు వినిపించింది. గుంత గుటగుటా తాగడం వినిపించింది. ఫ్యాను కొంచెం తేరుకుంది. మెరుపు ఇంకా మిణుకుమంటూనే ఉంది. ఇంకా ఉన్నదయ్యా, అని కేకేసింది సాలమ్మ. ఇంకా నీళ్లు పడ్డాయి. అంతలో ఫ్యాను ఒక్కసారిగా గిరగిరా తిరిగింది. బల్ల మీది కాగితాలు లేచాయి. ముడుచుకున్న బొమ్మ తెర అంచులదాకా విప్పుకుంది. మెరుపు పోయింది. మూలన దాని జాడ కూడా లేదు. బయట బిందె పడిన చప్పుడైంది, ప్లాస్టిక్ బిందె, పెద్ద చప్పుడు కాదు.

"పోయింది," అంది సాలమ్మ. "పోయిందయ్యా. మంచిగైంది. రా."

ఆయన రాలేదు. ఉప్పుకో, ఇంకో బిందెకో పోయుంటాడనుకుంది. ఇంద్రమ్మ మొగుడు జగన్నాథ్ చాయ్ ఇస్తుంటే ముచ్చట పెట్టుకుని ఉంటాడనుకుంది. ఆమెకు చూపు తిప్పడానికి లేదు. శత్రువుల ట్యాంకులు నాలుగు ఒకేసారి దిగాయి. ఆమె ఎడమ బొటనవేలు పైకి అంటే పైకి, పక్కకంటే పక్కకు పోతోంది. ఎన్నాళ్ల తర్వాత చెప్పిన మాట వింటోందో. ఆకుపచ్చ ట్యాంకు కదలకుండా ఉన్నచోటే ఉంటే దాని ముందుకు పోయి అడ్డం నిలబడింది. ఒకదాన్ని పేల్చింది, ఇంకోదాన్ని పేల్చింది. మూడోది సందులోంచి వచ్చి ఆకుపచ్చదాన్ని కొట్టింది.

"నీకొక్క పానమే ఉన్నది," అని వెనక తలుపు వైపు అరిచింది. "జల్దీ రా. ఎంతసేపని కాపాడాలె నిన్ను?"

అప్పుడు పెరట్లోంచి జగన్నాథ్ గొంతు వినిపించింది. మాట కాదు, ఒట్టి అరుపు. ఎవరో ముందు షటరు కింద నుంచి దూరి లోపలికి ఉరికొచ్చి మెయిన్ కిందికి గుంజారు. తెర మీద బొమ్మ ముడుచుకుని, నడుమ తెల్ల చుక్కయి, ఆరిపోయింది. ఫ్యాను ఆగిపోయింది. బయట బస్సుల హారన్లు అంత గట్టిగా వినిపించడం ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఎవరది బంద్ చేసింది? కార్డు పోతదని చెప్పలేదా," అని ఆమె గయ్యిమంది. నిజంగా కోపమొచ్చింది. ఆ కోపం తలచుకుంటే తర్వాత ఎన్నో రోజులు ఆమె వెన్ను చల్లబడేది.

వెనక తలుపులో ఇంద్రమ్మ నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. అందులోంచే, "అక్కా, నువ్వు లెవ్వకు. ఈడికి రాకు," అంది. ఆమె పక్క సందులోంచి సాలమ్మకు సగం పెరడు కనిపించింది. జగన్నాథ్ ఎండు కర్రతో ఇనుప పైపు మీంచి ఒక చేతిని తప్పిస్తున్నాడు. ఆ చేతి వేళ్ల కొసల మీద నల్ల మచ్చలున్నాయి. తడిసిన మట్టిలో థామస్ పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు, కాళ్లకు ఏమీ లేకుండా. కళ్లద్దాలు ఒక చెవికి వేలాడుతున్నాయి. డిపో నుంచి ఉరికొచ్చిన డ్రైవరొకడు దవాఖానకు తీస్కపోదాం, ఆటో పిలువుండ్రి అన్నాడు. ఇంకొకడు వంగి ఛాతీకి చెవి ఆనించాడు. చాలాసేపు ఆనించి, లేచి, తల మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

సాలమ్మకు ఏడుపు రాలేదు. అరుపు రాలేదు. ఫ్యాను అంత జోరుగా తిరిగింది కదా, మెరుపు పోయింది కదా, బొమ్మ అంచులదాకా వచ్చింది కదా, అనుకుంటోంది. ఆయన చేసిన పని సరిగ్గానే అయింది కదా. మరి ఇదేంది? ఇదేంది? ఆమె బుర్రలో ఆ రెండు సంగతులూ ఒకదాని పక్కన ఒకటి పెడితే నిలబడటం లేదు.

కాసేపటికి ఇంద్రమ్మ లోపలికి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. టక్, టక్ అని చిన్న చప్పుడు వినిపిస్తే ఎక్కడిదా అని వెతికింది. సాలమ్మ ఒళ్లోని జాయ్‌స్టిక్కుది. ఆరిపోయిన తెర ముందు ఆమె ఎడమ బొటనవేలు బొత్తాం నొక్కుతూనే ఉంది, పైకి, పైకి, పైకి. ఇంద్రమ్మ ఆ చెయ్యి విడిపించబోయింది, పట్టు వదలలేదు.

"ఆపొద్దన్నడు," అంది సాలమ్మ.

ఇంద్రమ్మ ఆమెను చంకల కింద పట్టి లేపడానికి వంగింది. వంగితే కనిపించాయి, సాలమ్మ రెండు పాదాల కింద నీలం పట్టీల రబ్బరు చెప్పులు, రాగి తీగ కొస లోపలికి మడిచి, పొడిగా.